కోటు లోపలి కుట్లు

ఉమేరా రోజు పొద్దున ఆరింటికే మొదలయ్యేది. చాయ్ తాగి, రెండు రొట్టెలు డబ్బాలో పెట్టుకుని, గోడ మేకుకు తగిలించిన తెల్లకోటు తొడుక్కుని స్కూటీ తీసేది. ఎనిమిదిన్నర లోపల వనపర్తిలో పది ఇళ్ళు తిరిగి, పరగడుపున కూర్చున్నవాళ్ళ చేతుల్లోంచి రక్తం తీసి, సీసాల మీద పేర్లు రాసుకుని, ప్రైవేటు దవాఖానలో ల్యాబు తలుపు తెరిచేది. పదకొండేళ్ళుగా ఇదే వరస. ఎంత సన్నటి నరమైనా ఆమెకు మొదటి పోటుకే దొరికేది. ఊళ్ళో పిల్లలు మాత్రం ఆమె స్కూటీ చప్పుడు వినగానే చేతులు వీపు వెనక దాచుకునేవాళ్ళు. ముప్పై అయిదేళ్ళ మనిషిని చూసి పిల్లలంతా జడుసుకుంటే ఎవరికి మాత్రం బాగుంటుంది? ఆమెకూ బాగుండేది కాదు.

ఆ కోటు కుట్టింది ఆమె అన్న ఇక్బాల్. బజారు వెనక గల్లీలో ఆయన దర్జీ దుకాణం. ఇక్బాల్ గురించి వనపర్తి వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ళకు చెప్పాలి. ఆయన పెళ్ళి బట్టలు కుడితే అవి మామూలు పెళ్ళి బట్టలే. పండగ బట్టలు కుడితే మామూలు పండగ బట్టలే. పనికి వేసుకునే బట్టలు కుడితే మాత్రం, ఆ పని ఆ మనిషిది కాకపోతే, బట్ట బిగుసుకునేది. మనిషి లావెక్కక్కర్లేదు. పది రోజుల్లో చంకల దగ్గర పట్టేసేది, నెల తిరిగేసరికి గుండీ పడేది కాదు. పని ఆ మనిషిదే అయితే చొక్కా వదులుగా, గాలాడుతూ ఉండేది. గద్వాలలో మగ్గం వదిలేసి వచ్చి, ఇక్కడ ఏదో కంపెనీలో సెక్యూరిటీ గార్డుగా చేరిన ఒకాయనకు నీలం చొక్కా కుట్టిస్తే నాలుగో రోజుకే గుండీలు తెగిపోయాయి. ఆయన మారుమాట్లాడకుండా సామాను సర్దుకుని మళ్ళీ మగ్గం ఎక్కాడు.

దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. నల్లా నీళ్ళు రోజు తప్పించి రోజు వస్తాయని చెప్పుకున్నట్టే చెప్పుకునేవాళ్ళు. కొడుక్కి ఉద్యోగం రాగానే ముందు ఇక్బాల్ దగ్గర ఒక జత కుట్టించి, నెల ఆగి చూసి, ఆ తర్వాతే పిల్లను చూడ్డానికి బయల్దేరే ఇళ్ళు కూడా ఉన్నాయి.

ఇక్బాల్‌కు ఒక నియమం ఉండేది. కుట్టు లోపల వేలెడు గుడ్డ కంటే ఎక్కువ వదిలేవాడు కాదు, పని బట్టల్ని ఎవరు బతిమాలినా లూజు చేసేవాడు కాదు. ఒకసారి ఒక కాలేజీ లెక్చరరు రెండు చేతులూ పట్టుకున్నాడు. "జర ఇప్పు ఇక్బాల్ భాయ్, ఇంట్ల పరేషాన్ అయితుండ్రు" అన్నాడు. ఇక్బాల్ తలెత్తలేదు. "టైటయితే పని మార్చు సారూ, అంగి కాదు" అన్నాడు. ఆ మాట వనపర్తిలో చాలా రోజులు తిరిగింది. ఉమేరా కూడా ల్యాబులో నలుగురికి గొప్పగా చెప్పుకుంది.

ఉమేరాకు ఏటా రంజాన్ తర్వాత కొత్త కోటు వచ్చేది. పదకొండేళ్ళలో ఏ కోటూ బిగుసుకోలేదు. ఇంకో ఇద్దరు దూరేంత లూజుగా ఉండేది. ప్రతి బేస్తవారం సాయంత్రం అన్నే స్వయంగా ఆ కోటు తీసుకెళ్ళి, ఉతికించి ఇస్త్రీ చేయించి, శుక్రవారం మళ్ళీ మేకుకు తగిలించేవాడు. ఇంత ప్రేమ ఉన్న అన్న ఎవరికుంటాడని వదిన సఫియాతో అనేది ఉమేరా. సఫియా అవుననేది.

కోడేరులో మామిడి నర్సరీ నడిపే పద్మమ్మ నెలనెలా షుగర్ పరీక్షకు ఆ దవాఖానకే వచ్చేది. ఒకసారి సూది దిగాక కూడా దిగిందని తెలియక, "ఎప్పుడు పొడుస్తవ్ బిడ్డా?" అని అడిగింది. అయిపోయిందని ఉమేరా సీసా చూపిస్తే ఆమె చేయి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "గీ చెయ్యి సూదికి పెట్టినవ్ గానీ, కత్తికి పెట్టాల్సిన చెయ్యి. ఐతారం మా తోటకు రా" అంది.

ఉమేరా సరదాగా వెళ్ళింది. నాటు మామిడి మొక్క తల కోసి, మంచి రకం చెట్టు పుల్లను ఏటవాలుగా చెక్కి, బెరడుకు బెరడు ఆనించి, పాలిథిన్ పట్టీ చుట్టడం పద్మమ్మ రెండుసార్లు చేసి చూపించింది. ఆ రోజు ఉమేరా నలభై అంట్లు కట్టింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు నలభైలో పది పడితే గొప్ప. మూడు వారాల తర్వాత వెళ్ళి చూస్తే ముప్పై ఏడు మొక్కలు ఎర్రటి చిగుళ్ళు వేసి నిలబడి ఉన్నాయి. ఉమేరా అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. ఆమె చేయి పడ్డచోట ఏదైనా చిగురు వేయడం అదే మొదలు.

అప్పట్నుంచి ఏడేళ్ళు ఆదివారాలన్నీ కోడేరులోనే గడిచాయి. పద్మమ్మ వేళ్ళకు వణుకు మొదలైంది. "అంటు పని మొత్తం నీకప్పజెప్త, వచ్చెయ్ బిడ్డా" అని నాలుగేళ్ళ కింద అడిగింది. ఉమేరా గాల్లో తేలుతున్నట్టు ఇంటికి వచ్చి, మేకు మీది కోటు తీసి వేసుకుని చూసుకుంది. వదులుగా ఉంది. ఈ పనే నీది అని కోటు చెబుతుంటే, పొద్దున లేవగానే కోటు వైపు చూడబుద్ధి కాకపోవడం, దవాఖాన ముందు స్కూటీ దిగకుండా కాసేపు కూర్చుండిపోవడం, ఇవన్నీ తన ఒళ్ళు బద్ధకమేనని తనను తానే తిట్టుకుంది. రానని చెప్పింది. రెండేళ్ళ కింద ఇంకోసారి అడిగితే మళ్ళీ అదే చెప్పింది.

ఈ ఏడు తొలకరికి పద్మమ్మ మూడోసారి అడిగింది. "ఈ వానకాలం నా చేతులు కత్తి పట్టవు. ఇప్పుడన్న చెప్పు. లేకుంటే తిమ్మాజిపేట మాసయ్య వస్త అంటుండు. ఆయనకు మాటిస్త."

ఉమేరా ఆ సాయంత్రం తిన్నగా అన్న దుకాణానికి వెళ్ళింది. ఇక్బాల్ ఎప్పటిలాగే ఒట్టి బనీనుతో కూర్చుని మిషను తొక్కుతున్నాడు. ఊరందరికీ చొక్కాలు కుట్టే మనిషి ఒంటి మీద చొక్కా ఎవరూ చూడలేదు. ఉక్క అనుకునేవాళ్ళు.

"భాయ్, ఒక్క మాట అడుగుత. నువ్వు కుట్టిన బట్ట ఎప్పుడన్న తప్పు చెప్తదా?"

మిషను ఆగింది. "ఎందుకడుగుతున్నవ్?"

"నాకు అంటు పని మీద పానం కొట్టుకుంటుంది. కోటేమో లూజే ఉంటుంది. ఏది నమ్మాల్నో తెలుస్తలేదు."

ఇక్బాల్ దారం తెంపాడు. "నేను కుట్టిన బట్ట తప్పెందుకు చెప్తది?" అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.

ఉమేరా గల్లీలోనే నిలబడి పద్మమ్మకు ఫోన్ చేసి రానని చెప్పింది.

నెల తర్వాత ఇక్బాల్ కంటికి నాగర్‌కర్నూల్‌లో శుక్లం ఆపరేషన్ అయింది. నెలరోజులు మిషను ముట్టొద్దని, వంగొద్దని, నల్లద్దాలు తీయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దుకాణానికి తాళం పడింది. బేస్తవారం వచ్చింది, పోయింది. కోటు మేకు మీదే ఉండిపోయింది, ఉమేరా తనే ఉతుక్కుంది.

మొదటి వారం చంకల దగ్గర పట్టినట్టనిపిస్తే, వానలో తడిసి కుంచించుకుపోయిందేమో అనుకుంది. రెండో వారం పై గుండీ పడలేదు. మూడో వారం సోమవారం ఒక ముసలామె చేతికి పట్టీ బిగించడానికి వంగింది, ఎడమ చంక నుంచి నడుము దాకా కోటు పర్రున చినిగింది. ల్యాబు బయట వరసలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

ముసలామె జాలిగా చూసింది. "ఈ పని నీది కాదట బిడ్డా. గీ సారికైతే తియ్, పరగడుపున వచ్చిన."

ఉమేరాకు ముందు సంతోషమే వేసింది. తనది బద్ధకం కాదన్నమాట. తన మనసు చెప్పింది నిజమే. రక్తం తీసి, సీసా మీద పేరు రాస్తుండగా రెండో ఆలోచన వచ్చింది. పదకొండేళ్ళు లేనిది మూడు వారాల్లో ఎందుకు బిగిసింది?

కోటు లోపల ఎవరి కంటా పడకుండా చూద్దామని మధ్యాహ్నం దుకాణం తాళంచెవి తీసుకుని వెళ్ళింది. షట్టరు పైకెత్తి, వెలుతురులో కోటును తిరగేసి పరిచింది. కుట్టు లోపల ఇక్బాల్ వదిలేది వేలెడు గుడ్డ. ఈ కోటుకు నాలుగు వేళ్ళ గుడ్డ వదిలి ఉంది. ఆ నాలుగు వేళ్ళ మేరా, పక్కపక్కనే, పాత కుట్లు విప్పిన సూది రంధ్రాల వరసలు. ఒక్కో వరస కొంచెం కొంచెం అంచుకు జరిగింది. చిట్టచివరి కుట్టు గుడ్డ అంచున ఉంది. దాని తర్వాత విప్పడానికి ఇంకేం మిగల్లేదు.

పాత కోట్లన్నీ బొంతకు పనికొస్తాయని సఫియా ఇంట్లో ట్రంకు పెట్టెలో దాచింది. ఉమేరా ఇంటికి వెళ్ళి పెట్టె తెరిచి ఒక్కొక్కటే తిరగేసింది. అన్నింటికీ నాలుగు వేళ్ళ గుడ్డే, అన్నింట్లోనూ ఆ రంధ్రాల వరసలే. మొదటి ఏడాది కోటుకు కూడా. ఎప్పుడో మధ్యలో జాలిపడి లూజు చేసిన పని కాదు ఇది. కత్తిరించే రోజే, వారం వారం విప్పాలని లెక్క చూసుకుని గుడ్డ వదిలాడు.

ఇక్బాల్ నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. సఫియా పక్కన నిలబడి కంటిచుక్కల సీసా మూత తీస్తోంది. ఉమేరా కోటును తిరగేసి అన్న ఒళ్ళో పెట్టింది. అతని వేళ్ళు అలవాటుగా కుట్టు వెంట కదిలాయి, చినుగు దగ్గర ఆగిపోయాయి.

"ఎన్నేండ్ల సంది, భాయ్?"

వేలు చినుగు మీదే ఉంచి అన్నాడు. "మొదటి ఏడు సంది."

"నీకెర్కనా భాభీ?"

సఫియా సీసా మూత మళ్ళీ పెట్టేసింది. "ఆయనకు కండ్లు మసకలొచ్చిన కాడ్నించి సూదిల దారం నేనే ఎక్కిచ్చిన. నీ మంచికే ఉమేరా."

"మన అబ్బాజాన్ పోయేటప్పుడు నీ చెయ్యి నా చేతుల పెట్టిండు" అన్నాడు ఇక్బాల్. "నీడపట్టు పని. ఫ్యాను. నలుగురు మేడమ్ అని పిలుస్తరు. దాన్ని ఇడిసి నువ్వు ఎండల, మట్టిల కూసుంటే నన్నేమంటరు? చెల్లెను కూలికి తోలిండు అనరా?"

"గంతేనా?"

ఇక్బాల్ నల్లద్దాలు సవరించుకున్నాడు. "దుకాణం తెరిచినప్పుడు నాకు నేను ఒక అంగి కుట్టుకున్న. పదోనాడు టైటయింది. నేనేడ పోవాలె చెప్పు? ఇప్పి పక్కకేసి, బనీను మీద ముప్పయేండ్లు కుట్టిన. సచ్చిపోయిన్నా? టైటయినా బతకొచ్చు ఉమేరా."

"నువ్వు తెలిసి బతికినవ్ భాయ్. నన్ను తెల్వనియ్యలే."

ఇక్బాల్ కోటును మడిచి పక్కన పెట్టాడు.

ఉమేరా ఏడవలేదు. మొదట ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత వచ్చింది కోపం కంటే అధ్వానంగా ఉంది. అన్న పదకొండేళ్ళు అబద్ధం చెప్పాడు, సరే. ఆ అబద్ధాన్ని పట్టుకుని తన మనసు నోరు తెరిచిన ప్రతిసారీ నోర్మూసుకొమ్మని కసిరింది తనే. పరాయివాళ్ళెవరైనా మోసం చేసి ఉంటే వాళ్ళ గుమ్మం తొక్కకుండా ఉండొచ్చు. ఈ మోసగాడి ఇంట్లోనే అన్నం తినాలి. అతని కంట్లో చుక్కలు కూడా వేయాలి, సఫియా లేనప్పుడు.

మర్నాడు దవాఖానలో పని మానేస్తున్నానని కాగితం ఇచ్చి, కోడేరు బస్సెక్కింది.

మాసయ్య అప్పటికే ఆకుపచ్చ నీడవల కింద మొక్కల మధ్య కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. పద్మమ్మ పనివాళ్ళందరికీ ఇక్బాల్ దగ్గరే కుట్టించడం ఆనవాయితీ. ఆపరేషన్‌కు ముందు కుట్టిన ఖాకీ చొక్కా మాసయ్య ఒంటి మీద వదులుగా గాలికి ఊగుతోంది. ఉమేరా అతను చెక్కిన పుల్ల తీసి చూసింది. కోత నున్నగా, ఒక్క వేటుకే తెగి ఉంది. మంచి చేయి. ఆ సంగతి గుర్తుపట్టకుండా ఉంటే బాగుండుననిపించింది.

"మూడుసార్లు అడిగిన బిడ్డా" అంది పద్మమ్మ. ఆమెకూ బాధగానే ఉంది. "ఇంటిదాన్ని ఒప్పిచ్చి వచ్చిండు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకొని పొమ్మంట? ఇద్దరిని పెట్టుకునేంత తోట కాదు నాది."

ఇంటికొచ్చాక సఫియా ఏమైందని అడిగింది. "పని మాసయ్యకిచ్చిండ్రు. నాకిగ లేదు" అంది ఉమేరా, అన్న వినేలా. ఆ మాటకు ఇక్బాల్ తింటున్న ముద్ద వదిలేసి చేయి కడుక్కున్నాడు. ఇక్బాల్ తింటున్న ముద్ద వదిలేసి చేయి కడుక్కున్నాడు.

పదమూడో రోజు పద్మమ్మ ఫోన్ చేసింది. "ఉమేరా, మాసయ్య ఎల్లిపోయిండు బిడ్డా. ఉన్నపళంగ రా, పుల్లలు ఎండుతున్నయ్."

ఉమేరా వెళ్ళింది. వెళ్ళే దారంతా బస్సు కిటికీలోంచి వానచినుకులు ముఖం మీద పడుతుంటే తుడుచుకోలేదు. తోటలో అడుగుపెట్టగానే చెప్పులు విడిచి, కత్తి తీసుకుని నీడవల కింద కూర్చుంది. పగలు ఒంటిగంట దాకా తలెత్తలేదు. అరవై మొక్కలు కట్టింది. నడుము నొప్పి తెలియలేదు. ఇన్నేళ్ళకు బతుకు తన చేతికి దొరికిందనుకుంది.

తిండికి లేచినప్పుడు అడిగింది. "ఎందుకు పోయిండు పెద్దమ్మా?"

"అంగి పట్టుకున్నదంట. మొన్న వనపర్తి అంగట్లకు పోయినప్పుడు గుండీ ఊడితే మీ అన్న దుకాణం తెరిచి ఉన్నదట. గుండీ కుట్టిచ్చుకొని వచ్చిండు. అంగి ఒక పూట అక్కణ్ణే ఉంచుకొని దాని చెయ్యి కూడ సరిచేసిచ్చిండట మీ అన్న. తెల్లారి తొడుక్కుంటే చేతులు లేస్తలేవు. అమ్మా, ఈ పని నాది కాదట అని పిల్లగాని లెక్క ఏడ్చిండు. అగో, అంగి కూడ ఇడిసిపెట్టి పోయిండు."

ఖాకీ చొక్కా గుడిసె గుంజకు వేలాడుతోంది. ఉమేరా తిండి పక్కకు పెట్టింది. చేయి కడుక్కుని వెళ్ళి చొక్కాను తిరగేసింది.

రెండు పక్కలా పాత కుట్టు అలాగే ఉంది. దానికి బొటనవేలెడు లోపలగా కొత్త దారంతో ఇంకో కుట్టు పడింది. ఇక్బాల్ చేయి చూడగానే తెలుస్తుంది, చివర మూడు పోట్లు వెనక్కి వేస్తాడు. మూడు పోట్లూ ఉన్నాయి. కుట్టు మాత్రం నేరుగా పోలేదు, తాగినవాడి నడకలా అటూ ఇటూ పోయింది. ముట్టొద్దన్న నెలలోపే మిషను ముందు కూర్చున్నాడు, సగం చూపుతో, చెల్లెలి కోసం.

ఆ వంకర కుట్టును చూస్తే ఆమెకు గుండె కరిగింది. మరుక్షణం అసహ్యమూ వేసింది. అటు చూస్తే మాసయ్య కట్టిన మొక్కల వరసలు. ఒక్కటి కూడా వాడిపోలేదు, అన్నీ ఎర్రగా చిగురించాయి. ఎవరికీ తెలియదు. పద్మమ్మకు అనుమానం లేదు, మాసయ్యకు అంతకన్నా లేదు. నోరు మూసుకుంటే చాలు, ఈ నీడవల, ఈ కత్తి, ఈ ఎర్రటి చిగుళ్ళు బతికినన్నాళ్ళు తనవే. తిమ్మాజిపేటలో ఒక మనిషి మాత్రం తన మనసుదే తప్పనుకుంటూ, దాన్ని తిట్టుకుంటూ బతుకుతాడు. ఆ బతుకు ఎలా ఉంటుందో ఉమేరాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అంటు కత్తితోనే ఆ కొత్త కుట్టును ఒక్కో పోటూ తెంపింది. దారం ముక్కల్ని రుమాలులో మూట కట్టుకుంది. చొక్కా సంచిలో పెట్టుకుని, పద్మమ్మకు ఉన్నదున్నట్టు చెప్పి బస్సెక్కింది. పద్మమ్మ ఆపలేదు.

నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి తిమ్మాజిపేట చేరేసరికి నాలుగైంది. మాసయ్య పొలం గట్టున బర్రెకు గడ్డి కోస్తున్నాడు. ఉమేరా చొక్కా చేతికిచ్చి చెప్పింది. అన్న పేరు కూడా దాచలేదు. మాసయ్య నమ్మనట్టు చూసి, ముఖం తుడుచుకుని చొక్కా తొడుక్కున్నాడు. ఇద్దరూ ఇంటి అరుగు మీద రెండు గంటలు కూర్చున్నారు. అతని భార్య రెండుసార్లు చాయ్ ఇచ్చింది. చొక్కా ఎక్కడా బిగుసుకోలేదు. గాలి వస్తే ఊగింది. మాసయ్య చేతులు పైకెత్తాడు, ముందుకు చాచాడు, పిల్లాడిలా వెనక్కి తిప్పాడు.

"ఇక్బాల్ భాయే గిట్ల చేస్తే ఇగ ఎవర్ని నమ్మాలె చెల్లె?"

"నాకు తెల్వదన్నా."

"మరి నీ పని?"

"అది నీదే" అంది ఉమేరా. చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టి లేచింది.

మర్నాడు రుమాలు మూట విప్పి ఇక్బాల్ అరచేతిలో పోసింది. ఖాకీ దారం ముక్కల్ని అతను వేళ్ళతోనే గుర్తుపట్టాడు.

"నీ కోసమే చేసిన" అన్నాడు.

"నా కోసమే రెండుసార్లు చేసినవ్. ఇంకొకల్ల బతుకు కోసి నాకు కుట్టకు భాయ్. పోయి మాసయ్యన్నకు నీ నోటితోని చెప్పు."

మాసయ్య మళ్ళీ కోడేరులో పనికి దిగాక ఇక్బాల్ వెళ్ళాడు. సఫియా చేయి పట్టుకుని కోడేరు దాకా తీసుకెళ్ళింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఉమేరా అడగలేదు. వచ్చేటప్పుడు మాత్రం సఫియా తడి గోనెగుడ్డలో చుట్టిన మామిడి పుల్లల కట్ట ఒకటి తెచ్చి ఉమేరా ముందు పెట్టింది. "పద్మమ్మ ఇచ్చింది. పుల్లలకు కరువు లేదు, ఎన్ని కావాల్నంటే అన్ని కోసుకపొమ్మన్నది."

పుల్లలున్నాయి గానీ మొక్కల్లేవు, తోట లేదు. ఉమేరా ఆ కట్టను ముందు పెట్టుకుని పొద్దంతా కూర్చుంది. కూర్చుని కూర్చుని ఉండగా, తను పదకొండేళ్ళు తిరిగిన ఇళ్ళు ఒక్కొక్కటే కళ్ళ ముందు కదిలాయి. ఏ ఇంట్లో ఎవరికి షుగరు, ఎవరికి థైరాయిడ్ అన్నీ తెలుసు. ఆ ఇళ్ళ పెరళ్ళు కూడా తెలుసు. సగం పెరళ్ళలో ఒక నాటు మామిడి చెట్టు ఉంది. నోట్లో పెట్టలేనంత పులుపని తిట్టుకుంటూ, నరకడానికి మనసొప్పక వదిలేసిన చెట్లు. తెల్లవారి ఆరింటికి సంచి సర్దుకుని స్కూటీ తీసింది. మొదటి ఇల్లు జమ్ములమ్మది. ఆమె అలవాటు కొద్దీ చేయి చాపింది.

"చెయ్యి వద్దవ్వా, చెట్టు చూపియ్" అంది ఉమేరా.

ఆ పొద్దున నాలుగు లేత కొమ్మలకు మంచి రకం పుల్లలు కట్టింది. మూడు వారాలకు నాలుగూ చిగురు వేశాయి. జమ్ములమ్మ ఆ సంగతి వాడంతా తిరిగి చెప్పింది. దసరా వచ్చేలోపు ఉమేరాకు రోజూ ఏదో ఒక పెరట్లో పని ఉండేది. పాత చుడీదారే వేసుకుని చెట్లెక్కేది.

ఇంట్లో మాత్రం మాటలు అవసరానికే. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మేకుకు ముదురు నీలం చొక్కా ఒకటి తగిలించి కనిపించింది. ఇక్బాల్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నల్లద్దాలు తీసేశాడు.

"లోపల గుడ్డ వదలలే" అన్నాడు. "అంచు మీదనే కుట్టిన. ఇగ నేను ఇప్పాలన్నా ఇప్పరాదు."

ఉమేరా తలూపింది గానీ ముట్టుకోలేదు. వారం రోజులు అది మేకు మీదే ఉంది. ఎనిమిదో రోజు పొద్దున దాన్ని ఎండలోకి తీసుకెళ్ళి తిరగేసింది. చంకలు, పక్కలు, భుజాలు, చేతులు, కుట్టు కుట్టూ వేలితో తడిమింది. నిజమే, ఒకటే కుట్టు, అంచు మీద. పాత రంధ్రం ఒక్కటి లేదు. అప్పుడు తొడుక్కుంది.

ఆ రోజు రిటైరైన చంద్రశేఖర్ సారు పెరట్లో పని. చెట్టెక్కి కూర్చున్నాక చూసుకుంటే చొక్కా ఎంత వదులైందంటే, చేతులు జారి వేళ్ళు కప్పేస్తున్నాయి. రెండుసార్లు మడిస్తే గానీ కత్తి పట్టడం కుదరలేదు. చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్న చంద్రశేఖర్ సారు పైకి చూసి, "మంచిది" అని పేపరు తిప్పుకున్నాడు.

పొద్దుగూకే వేళ ఉమేరా దుకాణం ముందు స్కూటీ ఆపింది. ఇక్బాల్ ఒట్టి బనీనుతో కూర్చుని కాజాలు కుడుతున్నాడు. కోటు చినిగిన రోజు తర్వాత చెల్లెలు తనంతట తాను అక్కడికి రావడం ఇదే మొదలు. ఆమె ఒంటి మీది చొక్కా చూసి సూది పక్కన పెట్టాడు.

"ఎట్లుంది?"

"లూజుంది, భాయ్."

ఇక్బాల్ ముఖం వెలిగింది. నవ్వబోయాడు.

"లోపల చూసినంకనే ఏసుకున్న" అంది ఉమేరా. "రేపు కూడ చూస్త."

నవ్వు సగంలో ఆగిపోయింది. ఇక్బాల్ తల వంచుకుని, సూదిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"రోజు చూస్కో" అన్నాడు.